ఇంటి వద్ద రక్తం తీయించుకునేటప్పుడు ఇంటివారు చూసుకోవలసినవి
(మడికొండలో రోగుల కుటుంబ సభ్యులను ఉద్దేశించి ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



మంచం దిగలేని తల్లిని రక్తపరీక్ష కోసం ఆటోలో ఎక్కించి, మడికొండ నుండి కాజీపేట, హనుమకొండ మీదుగా తీసుకుపోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. తుంటి ఎముక విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, బాగా వయసు మళ్లినవారు ఉన్న ఇళ్లకు ల్యాబు మనిషే వచ్చి రక్తం తీసుకుపోవడం పెద్ద మేలు. అయితే ఆసుపత్రిలో మేము చూసుకునే కొన్ని సంగతులు, ఇంట్లో మీరు చూసుకోవలసి ఉంటుంది. అవే ఈరోజు చెబుతాను.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి వినండి. మా నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మా అమ్మకు లేదు. ఒక ఉదయం ఇద్దరికీ ఇంట్లోనే రక్తం తీశారు. సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. నాన్నకు 92, అమ్మకు 268. అమ్మ భయపడిపోయి, మరునాడు పొద్దున నాన్న మాత్రల్లోంచి ఒకటి వేసుకుంది. రెండు గంటల్లో చెమటలు పట్టి, కళ్లు తిరిగి కూలబడింది. చక్కెర నీళ్లు తాగించాక తేరుకుంది. నేను వెళ్లి, "ట్యూబుల మీద పేర్లు మీ ముందరే రాసిండా?" అని అడిగాను. "లేదు బిడ్డా, బండి కాడ రాసుకుంట అన్నడు" అంది. మళ్లీ పరీక్ష చేయిస్తే తేలింది, పేర్లు తారుమారయ్యాయి.

అందుకే మొదటి మాట ఇదే. రక్తం తీసేముందు రోగి పూర్తి పేరు, వయసు అడగాలి. తీసిన వెంటనే, మంచం పక్కనే, ట్యూబు మీద పేరు, తేదీ, సమయం రాయాలి. ఆ పేరు మీరు చదివి చూసిన తరువాతే అతన్ని పంపండి. ఒకే ఇంట్లో ఇద్దరికి తీస్తే, ఒకరిది పూర్తిగా ముగించి, పేరు రాశాకే రెండవవారి దగ్గరకు వెళ్లమనండి. ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. అలాగే ఒకరి మాత్ర మరొకరు ఎన్నడూ వేసుకోరాదు. రిపోర్టు చూసి మందు చెప్పవలసింది డాక్టరే.

రెండవది సమయం. పరగడుపు షుగర్‌కు కనీసం 8 గంటలు ఏమీ తినరాదు. టీ కూడా తాగరాదు. మంచినీళ్లు తాగవచ్చు. షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ రక్తం తీసేదాకా ఆపి, తరువాత టిఫినుతో పాటు డాక్టరు చెప్పినట్లు తీసుకోవాలి. బీపీ మాత్ర, డాక్టరు వద్దంటే తప్ప, మానవద్దు. తిన్న తరువాత చేసే పరీక్షకు రెండు గంటలు లెక్కించేది మొదటి ముద్ద నుండి. చేయి కడుక్కున్న వేళ నుండి కాదు.

ట్యూబులో పోసిన తరువాత కూడా రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే ఉంచితే గంటకు సుమారు 5 నుండి 7 శాతం తగ్గుతుంది. అసలు 130 ఉన్న షుగర్ మూడు గంటలకు 110 దగ్గరగా కనబడవచ్చు. పరగడుపున 126, ఆపైన వస్తే షుగర్ వ్యాధిగా అనుమానిస్తాం కనుక, జబ్బు ఉన్నవారికి లేదన్నట్లు వస్తుంది. అందుకే షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబు వాడతారు. అందులో దీన్ని అడ్డుకునే మందు ఉంటుంది. "మా ఇంటి తరువాత ఎన్ని ఇళ్లు ఉన్నాయి? ల్యాబుకు ఎప్పుడు చేరుతుంది?" అని అడగండి. ఎండాకాలంలో ట్యూబులు చల్లని పెట్టెలో లేకుండా, బండి డిక్కీలో ఉంటే ఒప్పుకోవద్దు.

మూడవది చేయి. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి రక్తం తీయనివ్వరాదు. రొమ్ము ఆపరేషన్ అయినవారికి అటువైపు చేయి వద్దని ముందే చెప్పండి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుండి తీస్తే ఫలితం తప్పుతుంది. పిడికిలి పదేపదే బిగిస్తే పొటాషియం ఎక్కువగా కనబడుతుంది. రబ్బరు పట్టీ ఒక నిమిషం మించి ఉంచరాదు. గతంలో కళ్లు తిరిగినవారిని పడుకోబెట్టి తీయించండి. తీశాక మోచేయి మడవకుండా, దూదితో 5 నిమిషాలు నొక్కి పట్టాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి ఇంకా ఎక్కువసేపు పట్టాలి. ఆ మాత్రల పేరు ముందే చెప్పండి.

"ఇంత రక్తం తీస్తే నీరసం రాదా?" అని చాలామంది అడుగుతారు. మూడు ట్యూబులైనా మొత్తం సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది.

నాలుగవది సూది. కొత్త సూదిని మీ ఎదుటే విప్పాలి. చేతికి గ్లవ్స్ ఉండాలి. వాడిన సూదిని 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం గుచ్చుకోని తెల్లని డబ్బాలో వేసి అతనే తీసుకుపోవాలి. మీ చెత్తబుట్టలో వేయనివ్వకండి. చెత్త ఎత్తే అక్క చేతికి అది గుచ్చుకుంటే కామెర్ల వైరస్, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది.

చివరిగా ఒక మాట. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడడం, స్పృహ తప్పడం వంటివి ఉంటే రక్తం తీసే మనిషి కోసం ఎదురుచూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి.

రిపోర్టు మీ అమ్మ స్థితికి పొంతన లేకుండా ఉంటే భయపడకుండా, మందు మార్చకుండా, డాక్టరుకు చూపించి మళ్లీ చేయించండి. మంచం మీద ఉన్న మనిషి ట్యూబు మీది పేరు చదవలేదు. మీరు చదవండి.