ఇరుగుపొరుగు బడి

(స్మారకోపన్యాస పాఠం)



నాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేర ఏర్పాటైన ఈ ఉపన్యాసం ఇవ్వమన్నప్పుడు నాకు ముందుగా ఆయన తరగతి గది గుర్తొచ్చింది. హాజరు పిలిచినప్పుడు 'ఉన్నాను సార్' అంటే ఆయనకు చాలేది కాదు. నిన్న ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామో ఒక్క ముక్కలో చెప్పాలి. తాత దగ్గర పలుపుతాడు పేనడం, అమ్మ దగ్గర విత్తనాలకు బూడిద పట్టించడం, గొర్లకాపరి దగ్గర మబ్బు చూసి వాన పోల్చుకోవడం. ఏది చెప్పినా బోర్డు మీద రాసేవారు. పాఠం ఆ తర్వాతే. నేర్పేవాళ్లు ఊరంతా ఉన్నారని మాకు అట్లా తెలిసింది. పర్యావరణ న్యాయం గురించి నేనివాళ చెప్పబోయేది ఆ బోర్డు దగ్గర మొదలైన మాటే.

మందుల కంపెనీ లాభం ఒకరికి, దాని మురుగు మరొకరికి. లోతుగా బోరు వేయగలిగినవాడికి నీళ్లు, వేయలేనివాడికి ఎండిన బావి. ఈ పంపకం ఎవరు చేశారు, ఎవరిని అడిగి చేశారు అని నిలదీయడమే పర్యావరణ న్యాయం. నిలదీయాలంటే ముందు జరిగిన నష్టాన్ని మన నోటితో మనం చెప్పగలగాలి. అది ఒంటరిగా వచ్చే విద్య కాదు. పదిమంది కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటేనే వస్తుంది.

దీనికి ఉదాహరణగా ముందు రెండు చోట్లు చూద్దాం. హైదరాబాదు నుంచి ముంబై వెళ్లే రహదారి మీద ముందు పటాన్‌చెరు, ఇంకా పైకి పోతే జహీరాబాద్ వస్తాయి. రెండూ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోవే.

పటాన్‌చెరులో 1970లలో పారిశ్రామికవాడ వచ్చింది. మందులు, రసాయనాల ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో పడింది. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. వాగు నీళ్లు రంగు మారాయని, వాసన కొడుతున్నాయని, పొలం దెబ్బతిన్నదని రైతుకు తెలుసు. కాని రైతు నోట అది ఆరోపణ. ప్రయోగశాల కాగితం మీదకు ఎక్కితేనే ఆధారం. అక్కడే వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఆ ఊళ్ల పక్షాన నిలబడి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు మారుతూ దశాబ్దాలు నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని అందులో తేల్చారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వాగు ఒడ్డున బతికేవాళ్లకు అందులో కొత్తది అంకె ఒక్కటే.

ఇక జహీరాబాద్. అక్కడి ఎర్రచెలకల్లో దళిత మహిళల సంఘాలు పుట్టాయి. వాళ్లతో కలిసి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ గారు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. పగలంతా కూలికి, పొలానికి పోయే ఆడవాళ్లు రాత్రి అన్నాలయ్యాక సంఘంలో కూర్చుంటారు. పచ్చజొన్న పక్కన కంది ఎన్ని సాళ్లకు ఒకటి వేయాలి, ఎవరి చెలకలో సామ బాగా వచ్చింది, ఎవరింట్లో ఆ విత్తనం మిగిలింది. ఇవే పాఠాలు.

విత్తనం దాచే తీరు చూడండి. ఎండలో ఆరబెట్టిన గింజలకు బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోస్తారు. పైన మట్టీ పేడా కలిపి మెత్తి మూసేస్తారు. మళ్లీ విత్తే కాలానికి ఇంకొకామె వచ్చి అడిగితే కొలిచి ఇస్తారు. పంట చేతికొచ్చాక ఆమె తీసుకున్నదానికంటే ఎక్కువ తెచ్చి పోస్తుంది. గింజతో పాటు దాన్ని ఎట్లా వేయాలో, దేనితో కలిపి వేయాలో కూడా ఇల్లు మారుతుంది. బ్యాంకులో అప్పు పుట్టని ఆడమనిషి ఇక్కడ అప్పిచ్చేదీ అయింది, పంతులమ్మా అయింది.

1990ల మధ్యలో ఈ సంఘాలు తమ జొన్నలతో తామే రేషన్ నడిపాయి. ఎవరు నిరుపేదలో ఆఫీసు జాబితా చూసి నిర్ణయించలేదు, ఊరి వాళ్లే అందరి ముందూ కూర్చుని తేల్చారు. 2002లో బీటీ పత్తి మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ఈ మహిళలే కెమెరా పట్టుకుని వరంగల్ వెళ్లి, అక్కడి రైతుల మాటను సినిమాగా తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంగం రేడియో మొదలైంది. అక్షరం రాని గొంతుకు కూడా అక్కడ మైకు దొరికింది.

మరొక ఉదాహరణ. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల రైతులు తమ భూగర్భ జలాన్ని తామే కొలిచారు. ఊళ్లో వానమాపకం పెట్టుకున్నారు. బోరులోకి టేపు దించి నీటిమట్టం చూసి రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరుంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క గోడ మీద ఉంటే, వరి వేద్దామనుకున్నవాడు పొరుగు బావి వైపు ఒకసారి చూస్తాడు. బడి అంటే అదే.

జహీరాబాద్ సంఘాల్లోనూ ఈ కరువు జిల్లాల్లోనూ ఒకే లక్షణం కనిపిస్తుంది. తెలిసింది దాచుకోలేదు, తెలియంది అడగడానికి సిగ్గుపడలేదు, లెక్క బహిరంగంగా పెట్టారు. అంతమాత్రాన నిపుణులు అక్కర్లేదని నేననను. కళ్లకు కనపడని మందు వాగులో ఎంత ఉందో చెప్పడానికి ప్రయోగశాల కావాలి. కోర్టులో నిలబడడానికి వకీలు కావాలి. ఊరివాళ్లు మాట్లాడుకున్నంత మాత్రాన ఫ్యాక్టరీ గొట్టం మూతపడదు. అయితే, నిపుణుడు వచ్చేసరికి ఊరి దగ్గర తేదీలతో సహా సొంత లెక్క ఉండాలి. ఏ నెలలో నురగ వచ్చింది, ఏ రోజు చేపలు తేలాయి, ఏ బావి నీళ్లు ఉప్పగా మారాయి. అది ఉన్న ఊరు నిపుణుడితో సమానంగా కూర్చుంటుంది. లేని ఊరు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

అందుకే ఈ స్మారక సంఘానికి నా విన్నపం ఒక్కటే. నిధి మీద వచ్చే వడ్డీలో కొంత తీసి, మన వాగు వెంట ఉన్న ప్రతి ఊరి బడికి ఒక వానమాపకం, ఒక గట్టి అట్ట నోటుపుస్తకం ఇవ్వండి. పిల్లలు వారానికొకసారి వాగునూ బావినీ చూసి అందులో రాయాలి. చాకలి, జాలరి, కూలికి పోయే తల్లి చెప్పింది వాళ్ల పేరుతో రాయాలి. నెలకొకసారి ఈ ఊరి పుస్తకం పై ఊరికి, పై ఊరి పుస్తకం కింది ఊరికి పోవాలి. పైవాడు వదిలిన నీళ్లే కిందివాడు తాగుతున్నాడు కాబట్టి ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చోవాలి. ఈ సభ జరుగుతున్న కాలేజీ అధ్యాపకులు ఆరునెలలకొకసారి ఆ నీళ్లను పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో గోడ మీద అతికించాలి.

వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటి వక్తను నిలబెట్టకండి. ఆ పుస్తకాలను తెచ్చి, వాటిని రాసినవాళ్ల చేతనే చదివించండి. మాస్టారికి అదే సరైన హాజరు.