రింగు రోడ్డున ఒక సంవత్సరపు పఠనము



సంవత్సరాంతమున ఆదాయవ్యయముల లెక్క చూచుకొనుట గృహస్థునకు అలవాటు. మార్చి నెలాఖరున జమాఖర్చులు తేల్చనిదే కార్యాలయమున పద్దు మూయరు. కాని సంవత్సరకాలమున తాను చదివినదేమి, అందు నిలిచినదేమి యని లెక్క చూచుకొనువారు అరుదు. అట్టి లెక్క చూచుకొన్న యొక తెలుగు ఉద్యోగి వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము. ఆతని పేరుతో పనిలేదు. స్వస్థలము విడిచి దూరరాష్ట్రమున కొలువు చేయువారిలో అనేకుల స్థితి ఆతని స్థితియే.

ఆతని కార్యాలయము సూరతు నగరమున రింగు రోడ్డు మీద నున్నది. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేటు అను పేర్లు పూర్వపు నగరద్వారములను నేటికిని తలపించుచున్నవి. మార్గము పొడవునను బట్టల మార్కెట్లు అంతస్తుపై అంతస్తుగా లేచి యున్నవి. చీరల మూటలు మోయు హమాలీలు, సరకు దించు టెంపోలు, బేరసారముల కోలాహలము. చెవిని బడునది గుజరాతీ, హిందీ, మార్వాడీ. తాను బదిలీపై వచ్చినవాడు. మరల బదిలీ యగువరకు దినములు గడుపుటయే పని యని ఆతడు మొదట భావించెను.

ఆ భావమును కదిలించినది ఒక చిన్న సంఘటన. వేసవి సెలవులలో కుటుంబముతో బందరు వెళ్ళినపుడు, చూపు మందగించిన ఆతని తల్లి, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలిని పిలిచి, పోతన భాగవతము చేతికిచ్చి, "రెండు పద్యాలు చదివి వినిపించవే తల్లీ" అని అడిగెను. ఆ బాలిక ఇంట తెలుగు మాటాడును. బడిలో హిందీ, ఇంగ్లీషు, గుజరాతీ చదువును. తెలుగు అక్షరములు రావు. పుస్తకము పట్టుకొని తలవంచుకొని నిలిచెను. వృద్ధురాలు ఏమియు అనలేదు. పుస్తకమును తిరిగి పుచ్చుకొని, కన్నులకద్దుకొని, గూటిలో పెట్టెను. కోపపడినచో సమాధానము చెప్పుకొనవచ్చును. ఆ మౌనమునకు సమాధానము లేదు.

జనవరి వచ్చినది. తానే చదువని యింట పిల్లలకు చదువుమని చెప్పుట వృథా యని తలచి, ఆతడు 24 పుస్తకముల పట్టిక వ్రాసికొనెను. సంవత్సరాంతమునకు పూర్తి చేసినవి తొమ్మిది. సంఖ్యను బట్టి ఇది ఓటమియే. కాని పఠనమును సంఖ్యతో కొలుచుట భోజనమును విస్తళ్ళతో కొలుచుట వంటిది.

మొదట చదివినది సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు, రచయిత 1953లో కీర్తిశేషులైన పిమ్మట, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. రాజుల యుద్ధములు కాక జనుల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకములు ఇందలి వస్తువు. ఆ సంగతులను రెడ్డిగారు కావ్యములనుండి ఏరి తెచ్చిరి. ఈ గ్రంథము చదివిన పిమ్మట ఆతని కన్ను మారెను. రింగు రోడ్డు మీద బట్టల మూటలే చూచిన కన్ను, ఆ బట్ట నేసిన చేతులను వెదకనారంభించెను. లింబాయత్ ప్రాంతమున తెలంగాణము నుండి వలస వచ్చిన నేతపనివారి కుటుంబములు ఉన్నవనియు, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడిపినదనియు ఆతడు అప్పుడే తెలిసికొనెను. తెలుగు వినబడదనుకొన్న నగరమున మగ్గముల చప్పుడు మధ్య తెలుగు వినబడుచునే యుండెను. వినుటకు పోయినవాడు లేడు, అంతియే.

తరువాత విలియం మెథ్వోల్డు వ్రాసిన గోలకొండ రాజ్య వృత్తాంతము. మోర్లండు పండితుని సంపాదకత్వమున ఇది 1931లో హక్లూట్ సొసైటీ సంపుటములలో వెలువడినది. మెథ్వోల్డు 1618 మొదలు 1622 వరకు మచిలీపట్టణమున ఇంగ్లీషు కంపెనీ వర్తకుడు; 1633 మొదలు 1638 వరకు సూరతులో ఆ కంపెనీ అధ్యక్షుడు. ఇంగ్లీషువారు బందరున 1611లో దిగిరి. 1613లో సూరతున వారి వర్తకస్థానమునకు మొగలాయి ఫర్మానా లభించెను. రెండింటికిని వారిని రప్పించిన వస్తువులలో ముఖ్యమైనది బట్టయే. చిరివేరు ఎరుపుతో అద్దిన కోస్తా వస్త్రములు అటు, గుజరాతు నేత ఇటు. బందరులో పుట్టి సూరతులో కొలువు చేయుచున్న యీ పాఠకునకు, నాలుగు వందల సంవత్సరముల క్రిందనే ఒక పరదేశి ఆ రెండు రేవులను తన జీవితమున ముడివేసినాడని తెలిసినపుడు, తాను అన్యదేశమున చిక్కుకొన్నవాడనన్న దిగులు తగ్గెను.

మూడవది రెండు స్వీయచరిత్రల కథ. కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము చదువుచుండగా, సూరతులోనే 1833లో జన్మించిన కవి నర్మదుని ఆత్మకథ 'మారీ హకీకత్' సంగతి తెలిసెను. 1866లో వ్రాసిన ఆ గ్రంథము పూర్తిగా వెలుగు చూచినది 1933లో. నగరపాలక సంస్థవారి కవి నర్మద్ కేంద్ర గ్రంథాలయమున ప్రతి దొరికినది గాని, గుజరాతీ లిపి ఆతనికి రాదు. కుమార్తె నవ్వి, "నాన్నగారూ, నాకు తెలుగు రాదు, మీకు గుజరాతీ రాదు. ఇద్దరమూ ఒకటేగదా!" అనెను. నాటినుండి రాత్రి భోజనానంతరము అరగంట ఒప్పందము కుదిరినది. ఆమె నర్మదుని చదివి తెలుగున అర్థము చెప్పవలెను. ఆతడు ఆమెకు ఓనమాలు దిద్దించవలెను.

నర్మదుడు 1858లో ఉపాధ్యాయవృత్తి విడిచి కలమునే నమ్ముకొన్నవాడు. ఒంటిచేత్తో గుజరాతీ నిఘంటువు 'నర్మకోశము'ను 1873 నాటికి సంపూర్ణము గావించినవాడు. వితంతు వివాహములకై వాదించినవాడు. కాని ఋణబాధ తాళలేక 1882లో మరల ఉద్యోగమున చేరెను. కడపటి యేండ్లలో సంస్కరణ విషయమున పూర్వాభిప్రాయములను మార్చుకొనెను. మన పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించి, చివరివరకు ఆ బాటనే నడచిరి. "అయితే నర్మదుడు ఓడిపోయినట్లేనా?" అని బాలిక అడిగెను. తండ్రి వెంటనే బదులు చెప్పలేదు. చదివిన పుస్తకము ఇంట ఒక ప్రశ్నను పుట్టించినది. అదియే ఆ యేటి లాభము. మార్చుకొన్న అభిప్రాయములు ఆయనవి, నిలిచిన నిఘంటువు అందరిది యని మరునాడు ఆమెయే తీర్పు చెప్పెను.

వత్తులును, గుణింతములును పట్టుబడుటకు ఆరు మాసములు పట్టినవి. దీపావళి సెలవులలో ఆమె టెలిఫోనులో నాయనమ్మకు భాగవతపద్యమొకటి చదివెను. నాలుగు పాదములకు పది నిమిషములు పట్టెను. తప్పినచోటనెల్ల వృద్ధురాలు పుస్తకము లేకయే సరిదిద్దెను. చివరకు, "రేపు తరువాతి పద్యం" అని మాత్రము అనెను.

సభాసదులారా! ఇది ఒక్క యింటి వృత్తాంతము. దీనిని సమాజమంతటికిని విస్తరించుట కష్టము కాదు. ఉర్దూ అధికారభాషగా నున్న హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవలో గ్రంథాలయము నడచినది. వారికి పడవ దొరికినది. మనకు ఒక పెట్టె చాలును. ప్రతి కుటుంబము తాను చదివిన పుస్తకము నొకటి అందుంచి, మరియొకటి తీసికొనవలెను. నెలకొక యింటికి పెట్టె చేరవలెను. బదిలీయైనవారు తమ పుస్తకమును వదలి వెళ్ళవలెను. వచ్చువారు దానిని చదివి ఎవరిదో తెలిసికొనవలెను.

ప్రతివారును సంవత్సరాంతమున ఒక పుట తెరచి, తాము చదివినదానిని, ఇంట ఇతరులకు వినిపించినదానిని వ్రాసికొందురుగాక. అందు రెండవ వరుస మొదటి వరుసకన్న పొడవుగా నుండిన, ఆ యేడు సఫలమైనట్లే.