బధిరులు - వారి భాష

(నిజామాబాదు వాచనాలయ సభలో నొక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



చెవిటివాని ముందు శంఖమూదినట్లని మనకొక సామెత కలదు. ఆ సామెతను వాడునప్పుడెల్ల మనము చెవిటివానిని జూచి నవ్వుదుము గాని, వినలేనివాని యెదుట శంఖము పట్టుకొని నిలిచినవాని తెలివిని గూర్చి యెవ్వరును విచారింపరు. నేటి నా ప్రసంగము ఆ శంఖమూదువానిని గూర్చి, అనగా మనలను గూర్చి.

2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారు మన దేశమున 50 లక్షలకు పైగా నమోదైరి. వీరందరును ఒక తీరువారు కారు. మిల్లులలో ఏండ్ల తరబడి యంత్రముల హోరున పనిచేసి చెవులు పోగొట్టుకొన్న కార్మికునకు తెలుగు వచ్చును. అతనికి కావలసినవి వినికిడి యంత్రము, వ్రాసి చూపు ఓపిక గలవారు, చట్టము చెప్పిన పరిహారము. హోరువలని చెవుడును ఫ్యాక్టరీల చట్టము ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. 1937లో వెలసి 2015 డిసెంబరులో మూతపడిన మన బోధను చక్కెర కర్మాగారపు పాత కార్మికులలో ఈ సంగతి నెరిగినవా రెందరో మీరే అడిగి చూడుడు.

పుట్టుకతోనే వినలేని శిశువు సంగతి వేరు. ఇట్టి శిశువులలో పదింట తొమ్మండుగురు వినగల తలిదండ్రులకే పుట్టుదురు. ఆ యింట అన్నము కలదు, వాత్సల్యము కలదు, బిడ్డకు అందు భాష మాత్రము లేదు. తల్లి పెదవులు కదలుచుండును. వాని అర్థము బిడ్డకు చేరదు. భాష చక్కగా నాటుకొనవలసిన మొదటి యేండ్లు ఇట్లు గడచిపోవును. గొంతులో ఏ లోపమును లేకున్నను వానిని మూగయందుము. అటుపిమ్మట మొద్దు అందుము. తెలివి కొరవడి వాడట్లు కాలేదు. భాష అందక అట్లయ్యెను.

ఈ చిన్నచూపు పాతదే. పుట్టుచెవిటికిని మూగకును పిత్రార్జితములో భాగము లేదనియు, కూడు గుడ్డ మాత్రము ఈయవలెననియు మనుస్మృతి విధించినది. బ్రిటిషు ఇండియాలో 1928 నాటి చట్టము మితాక్షర కుటుంబములలో ఈ యడ్డును తొలగించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ సెక్షను, ఏ వ్యాధియు ఏ యంగలోపమును వారసత్వమునకు అడ్డు కారాదని శాసించినది. పుస్తకములో చట్టము మారినది. ఇండ్లలో ఏమి జరుగుచున్నదో చెప్పెదను.

బోధను ప్రాంతపు చెరకు భూమి పంపకమును గూర్చిన వ్యాజ్యమొకటి నా చేతికి వచ్చినది. అన్నదమ్ములు ముగ్గురు, కడపటివాడు పుట్టుచెవిటి, బడి మొగము చూడనివాడు. తన భాగమును అన్నలకు విడిచినట్లు వ్రాసిన పత్రము క్రింద అతని వేలిముద్ర కలదు. పత్రము చివర దస్తావేజు లేఖరులు అలవాటుగా వ్రాయు వాక్యమే యున్నది: "చదివి వినిపింపగా విని, సరియని యొప్పుకొంటిని." వ్రాసినవాడు గాని, సాక్షులు గాని, ముద్ర వేయించినవారు గాని ఒక్కరైనను ఆ వాక్యము కడ ఆగలేదు! పిమ్మట నేను ఆ పొలమునకు పోయితిని. నిజాంసాగరు కాలువ తూమునుండి నీరు ఏ గట్టు వెంబడి వచ్చునో, ఆ గట్టును ఎవరు ఎంత జరిపిరో, ఎన్ని బండ్ల చెరకు తరలిపోయెనో అతడు చేతులతో చూపుచుండ, చెల్లెలు మాటలలో చెప్పుచుండెను. అంత తేటగా సరిహద్దులు చెప్పిన కక్షిదారులను నేను తక్కువగా చూచితిని. వ్యాజ్యము రాజీ యైనది. అతనికి భాగము దక్కినది గాని, నీటివసతి గల మడి దక్కలేదు.

అతడు వాడినవి ఇంటి సంజ్ఞలు. చెల్లెలు అత్తవారింటికి పోయిన నాడు వానిని తెలిసినవారు లేరు. బధిరులు తమలో తాము వాడుకొను భారతీయ సంజ్ఞాభాష అట్టిది కాదు. దానికి పదములు కలవు, వ్యాకరణము కలదు. ఎవరు, ఏమి యను ప్రశ్నపదము వాక్యము చివర వచ్చును. కనుబొమల కదలికయు వ్యాకరణములో భాగమే. అమెరికాలో విలియం స్టోకీ 1960లో అచ్చటి సంజ్ఞలను పరీక్షించి, చేతి రూపము, చోటు, కదలిక యను అంశములతో అవి నిర్మింపబడునని చూపువరకు పండితులు సైతము వీనిని భాషలుగా నెంచలేదు. బోధను బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినబడును గదా. నాందేడు బధిరుడును నిజామాబాదు బధిరుడును ఈ భాష నేర్చినవారైనచో దుబాసీ లేకయే ప్రొద్దెక్కువరకు ముచ్చటింతురు. వారి ప్రక్కనున్న మన కా భాగ్యము లేదు.

భాష యున్నచోట ఆచారములును పుట్టును. వారిలో ప్రతివానికిని ముఖలక్షణమును బట్టియో నడవడిని బట్టియో ఒక సంజ్ఞానామము కలదు. పిలువవలసినచో భుజము తట్టుదురు, లేదా దీపము ఆర్పి వెలిగింతురు. ఒకరి చేతులొకరికి కనబడునట్లు వలయముగా కూర్చుందురు. చప్పట్లకు బదులు రెండు చేతులు పైకెత్తి ఆడింతురు. సభ ముగిసినను వీడ్కోలు ముగియదు. ఇంటికడ మాటలాడువారు లేనివాడు త్వరపడి యేల పోవును? ఇతరులకు భాష తల్లియొడిలో దొరకును, వీరికి తరచుగా బధిర పాఠశాలలో తోటివారి వలన దొరకును. కనుకనే ఆ పాఠశాల వారికి పుట్టినిల్లు.

ఆ పుట్టినింటను నిషేధము ప్రవేశించినది. 1880లో మిలాను నగరమున కూడిన బధిర విద్యా మహాసభ, పాఠశాలలలో సంజ్ఞలు మాని నోటి మాటయే నేర్పవలెనని తీర్మానించెను. ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే! ఆ తీర్మానపు నీడ మన దేశపు పాఠశాలలపైనను చిరకాలము నిలిచినది. 2010లో వాంకూవరున అదే పరంపరలోని మహాసభ దానికి విచారము తెలిపినది. నూటముప్పది యేండ్ల పిమ్మట!

ఈ బాధ మనకు తెలియనిది కాదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సంఘపు వారసురాలైన ఆంధ్రమహాసభ 1937లో మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన మన నిజామాబాదుననే జరిగినది. తన భాష నోట రాగానే నవ్విన సభను మన పెద్దలు మరువలేదు. బధిర బాలుని చేతులు కదలగానే నవ్వు మన వీధి ఆ సభ వంటిదే గదా!

కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స యున్నది గదా యని మీలో కొందరడుగుదురు. ఆరోగ్యశ్రీ క్రింద చిన్నపిల్లలకు చేయుచున్నారు, మేలే. కాని దానివెనుక ఏండ్ల శిక్షణ కావలెను, ఫలము అందరికిని ఒక్కటి కాదు. మాట వచ్చువరకు చేతులు కట్టివేసి, బిడ్డకు ఏ భాషయు లేకుండ చేయుట నా దృష్టిలో క్రౌర్యము.

ఇక న్యాయస్థానముల సంగతి. మాటలాడలేని సాక్షి బహిరంగ న్యాయస్థానమున సంజ్ఞలతో చెప్పినది నోటి సాక్ష్యముగనే ఎంచబడునని 1872 నాటి సాక్ష్య చట్టమే పలికినది. 2024 జులైనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 125వ సెక్షను, అట్టి సాక్షికి దుబాసీ సాయమును, వీడియో చిత్రణమును విధించినది. 2012లో రాజస్థాన్ ప్రభుత్వమునకును దర్శన్ సింగునకును నడిచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, దుబాసీకి కేసులో స్వప్రయోజన ముండరాదనియు, అర్థముతోపాటు సాక్షి చేసిన సంజ్ఞలను సైతము వ్రాయవలెననియు చెప్పినది. 2023 సెప్టెంబరున సారా సన్నీ యను బధిర న్యాయవాది దుబాసీ సాయముతో ఆ న్యాయస్థానముననే వాదించిరి. ఢిల్లీలో 2015లో వెలసిన సంజ్ఞాభాషా పరిశోధన కేంద్రము 2021 నాటికి 10,000 పదముల నిఘంటువును వెలువరించినది. కావున సాధనములు లేవని చెప్ప వీలులేదు.

మనము కోరవలసినది స్వల్పము. జిల్లా న్యాయసేవాధికార సంస్థ యొద్ద అర్హులైన దుబాసీల పట్టిక యుండవలెను. బడికి పోనివారి ఇంటి సంజ్ఞలను గ్రహించుటకు దుబాసీతోపాటు బధిరుడొకడు కూర్చుండు వాడుక కొన్ని దేశములలో కలదు. దానిని ఇచ్చటను తేవలెను. ఆస్పత్రిలోను, రిజిస్ట్రారు కచేరిలోను పిలిచిన వచ్చు మనుష్యు డొకడుండవలెను. "చదివి వినిపింపగా" నను వాక్యమును బధిరుల పత్రములలో కొట్టివేసి, ఎవరు ఏ విధమున తెలియజెప్పిరో వ్రాయవలెను. ఈ చివరిదానికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. ఈ సభలోని లేఖరులు రేపే ఆరంభింపవచ్చును.

వచ్చు ఆదివారము సాయంత్రము నాలుగు గంటలకు సంజ్ఞాభాష నేర్పుటకు మన పట్టణపు బధిర యువకు లిద్దరు ఈ వాచనాలయమునకే వత్తురు. కిటికీ ప్రక్కనున్న బల్లను, అచ్చట వెలుతురు మెండు గనుక, వారికై ఖాళీ చేసి యుంచినాము.