‘ప్రిమిటివ్’ అంటే వెనకబడినవాళ్ళా, మొదటివాళ్ళా?

ఈరోజు మన పదం ‘ప్రిమిటివ్’. డిక్షనరీ తీస్తే ఆదిమ, మొరటు, అనాగరిక అని అర్థాలు కనిపిస్తాయి. మన దేశంలో ఈ పదాన్ని మనుషులకే సర్కారీ పేరుగా పెట్టారు, తెలుసా?

1960-61లో వేసిన ఢేబర్ కమిషన్, గిరిజన తెగలన్నీ ఒకే స్థితిలో లేవని చెప్పింది. దాంతో ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, మరీ వెనక ఉన్న తెగలకి ఎక్కువ సాయం అందించడానికి ‘ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్’ అని ఒక లిస్టు చేశారు. మన అరకు, పాడేరు కొండల్లో ఉండే గదబ, పోర్జ, ఖోండ్ తెగల్లో కొన్ని శాఖలు ఇందులోకి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. మరి పేరు?

ఈ పదం వేరు లాటిన్‌లో ఉంది. ‘ప్రిమస్’ అంటే మొదటి. ప్రైమరీ స్కూల్, ప్రైమ్ మినిస్టర్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే! ఇంగ్లీషులో కూడా మొదట్లో దీని అర్థం ‘తొలి, మూలమైన’ అనే. తర్వాత ఐరోపా పండితులు మానవజాతిని మెట్లుగా పేర్చి, పై మెట్టు మీద తమనే కూర్చోబెట్టుకున్నారు. 1871లో టైలర్ రాసిన పుస్తకం పేరే ‘ప్రిమిటివ్ కల్చర్’. అలా మొదటివాడు కాస్తా కింది మెట్టువాడైపోయాడు.

మా కోడింగ్‌లో మాత్రం పాత అర్థమే బతికుంది. జావాలో ఇంట్, చార్, బూలియన్ లాంటివి మొత్తం 8 ప్రిమిటివ్ టైప్స్. వాటిని ఎవరూ చిన్నచూపు చూడరు. అవే పునాది.

తెలుగులోనూ ఇదే కథ. ఆదివాసి, ఆదిమ రెండూ ‘ఆది’ నుంచే వచ్చాయి. ఒకటి గౌరవంగా వినిపిస్తుంది, రెండోది అలా వినిపించదు.

2006లో ప్రభుత్వం ‘ప్రిమిటివ్’ తీసేసి ‘పర్టిక్యులర్లీ వల్నరబుల్’ అని పెట్టింది. లాటిన్‌లో ‘వల్నస్’ అంటే గాయం. చూడండి, ప్రిమిటివ్ అంటే లోపం ఆ మనిషిలోనే ఉన్నట్టు. వల్నరబుల్ అంటే, గాయం ఎక్కడి నుంచి వస్తోందని అడగాలి. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకెళ్ళారన్న వార్తలు ఈ కొండల నుంచి ఎన్నిసార్లు చదివాం! అక్కడ వెనకబడింది మనిషా, రోడ్డా? 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో రోడ్లు, ఇళ్ళు, తాగునీరు ఉన్నాయంటే, సమాధానం అందులోనే ఉంది.

ఈసారి అరకులో థింసా చూసి రీల్ పెడితే, క్యాప్షన్‌లో ‘ప్రిమిటివ్’ అని రాయకండి. ఆడుతున్నవాళ్ళది ఏ తెగో అడిగి, ఆ పేరే రాయండి. మళ్ళీ ఇంకో పదంతో కలుద్దాం. ఉంటానండి.