తప్పు దాచనివారికి ఒక నమస్కారం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవలసిన సభలో కంప్యూటరు గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ అజెండాలో ఆ అంశం ఉంది. మన సంఘం కంప్యూటరులో ఉన్న విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన పాత యంత్రం విండోస్ 11కు చాలదన్నారు. కొత్తది కొనాలంటే సంఘం నిధి సంగతి కోశాధికారి గారికి తెలుసు. డబ్బు పెట్టి కొనక్కరలేని డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయిద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. దానికి ఒక పెద్దాయన న్యాయమైన ప్రశ్న వేశారు. "ఊరికే ఇచ్చేదానిలో తప్పులుంటే ఎవరిని అడుగుతామండీ? అందులో ఉండేవి మన సభ్యుల పెన్షన్ వివరాలు కదా?" అన్నారు. నాకు తెలిసినంతలో దానికి జవాబు మనవి చేస్తాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ముందుగా ఇక్కడున్న గృహిణుల కోసం చెబుతాను. మా ఆఫీసులలో సూపరింటెండెంటు గారు ఉండేవారు. వచ్చిన తపాలా ఏ సెక్షనుకు పోవాలి, ఏ ఫైలు ఏ బీరువాలో ఉంది, టైపిస్టుకు ముందు ఏ కాగితం ఇవ్వాలి, ఇవన్నీ ఆయన చూసుకుంటేనే ఆఫీసు నడిచేది. కంప్యూటరులో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. అది లేకపోతే తక్కినవన్నీ ఉండీ లేనట్టే.

అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ఆయన, ఎవరైనా వాడుకోవడానికి, లోపలి రాత చదువుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి వీలుగా ఒక వ్యవస్థ తయారుచేస్తానని 1983లో ప్రకటించారు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే కీలక భాగాన్ని రాసి లోకానికి ఇచ్చాడు. ఇలాంటి ముక్కలన్నీ ఒకచోట చేర్చి, సరిచూసి, సామాన్యుడు వాడుకునేలా అందించాలని 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ అనే మరో విద్యార్థి సంకల్పించాడు. ఆయన 2015లో కాలం చేశాడు. తనకు కాబోయే భార్య డెబ్రా పేరును, తన పేరును కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. ఒక్కొక్క విడుదలకు మన మనుమలు చూసే 'టాయ్ స్టోరీ' సినిమాలోని బొమ్మల పేర్లు పెడుతూ వస్తున్నారు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ సంఖ్య విడుదల పేరు ట్రిక్సీ. అందులో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి.

దీన్ని నడిపేది ప్రపంచమంతటా ఉన్న సుమారు వెయ్యిమంది సభ్యులు, వారికి తోడ్పడే మరెందరో. డెబియన్ వీరికి జీతం ఇవ్వదు. చాలామంది తమ తమ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళూ సెలవురోజుల్లోనూ ఈ పని చేస్తారు. తమ నాయకుణ్ణి ఏటేటా ఓటు వేసి ఎన్నుకుంటారు. 2023 సెప్టెంబరులో వారి వార్షిక సమావేశం మన పక్కనే, కేరళలోని కొచ్చిలో జరిగింది.

పని జరిగే పద్ధతి గుమాస్తాలకు సులువుగా అర్థమవుతుంది. ప్రతి ప్యాకేజీకి ఒక బాధ్యుడో, బృందమో ఉంటుంది. కొత్త మార్పు ముందుగా 'అన్‌స్టేబుల్' అనే చోటికి వస్తుంది. అది చిత్తుప్రతి. కొన్నాళ్ళు గడిచి, పెద్ద ఫిర్యాదులు లేకపోతే 'టెస్టింగ్'కు చేరుతుంది. అది పై అధికారి పరిశీలనలో ఉన్న ఫైలు. తరువాత కొత్త మార్పులు ఆపి, నెలల తరబడి తప్పులు ఏరి, 'స్టేబుల్' అని విడుదల చేస్తారు. అది సంతకమైన శుద్ధప్రతి.

సంతకమైన తరువాత తప్పులుండవా? ఉంటాయి. వీటిని బగ్ అంటారు. వాళ్ళే ఒప్పుకున్న మూడు సంగతులు చెబుతాను.

మొదటిది 2005 నాటిది. 2002 జులై తరువాత దాదాపు మూడేళ్ళు శ్రమించి, 2005 జూన్ 6న 3.1 విడుదల చేశారు. తీరా చూస్తే ఆ సీడీలలో ఒక్క పంక్తి తప్పుపడింది. ఆ సీడీలతో కొత్తగా వేసుకున్నవారికి భద్రతా సవరణలు వాటంతట అవి అందవు. వెంటనే ఆ సంగతి ప్రకటించి, సరిచేసిన ప్రతులు తయారుచేశారు. అప్పటికే వేసుకున్నవారు ఏ పంక్తి ఎలా మార్చుకోవాలో రాసి ఇచ్చారు. మనం ఉత్తర్వు వెలువడిన మర్నాడే సవరణ ఉత్తర్వు పంపినట్టు.

రెండవది చిన్న తప్పు కాదు. రహస్యంగా సమాచారం పంపుకోవడానికి కంప్యూటరు తాళంచెవుల వంటివి తయారుచేస్తుంది. 2006లో ఆ ప్యాకేజీలో ఒక హెచ్చరిక వస్తోందని కొన్ని పంక్తులు తీసేశారు. దానితో, లెక్కకు అందనన్ని రకాలుగా ఉండవలసిన చెవులు ఒక్కొక్క రకంలో 32,768కి మించకుండా పోయాయి. అన్ని చెవులూ ముందే చేసిపెట్టుకుంటే దొంగకు ఏ తాళమైనా లెక్కలోది కాదు. రెండేళ్ళపాటు ఇది ఎవరి కంటా పడలేదు. చివరకు లూసియానో బెల్లో అనే డెబియన్ సభ్యుడే కనిపెట్టాడు. 2008 మే 13న లోకానికి చాటి, బలహీనమైన చెవులను గుర్తుపట్టే సాధనం కూడా ఇచ్చారు. ఎందరో తమ తాళాలన్నీ మార్చుకోవలసి వచ్చింది. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. స్వచ్ఛందంగా చేశారన్నంత మాత్రాన నష్టం నష్టం కాకుండా పోదు.

మూడవది 2023 డిసెంబరు నాటిది. 9వ తేదీ శనివారంనాడు 12.3 సంఖ్యతో సవరణ విడుదల సిద్ధమైంది. అందులోని లినక్స్ కొన్ని సందర్భాలలో డిస్కులోని సమాచారాన్ని పాడుచేయగలదని ఆఖరి గడియలో తెలిసింది. సీడీ ప్రతుల తయారీ ఆపేశారు. తొందరపడి ఆ సవరణ వేసుకోవద్దని అందరికీ చెప్పారు. మర్నాడు ఆదివారం, దోషం తీసేసిన 12.4 వెలువడింది. మనం ఆదివారం భోజనం చేసి కునుకు తీసే వేళ, మనకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన ఫైళ్ళు చెడిపోకుండా కూర్చుని పనిచేశారన్నమాట.

పెద్దాయన ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. ఎవరిని అడుగుతామంటే, వాళ్ళనే అడుగుతాం. అడిగింది నలుగురి ఎదుటా ఉంటుంది. సమస్యలను దాచబోమని 1997లో వాళ్ళు రాసుకున్న సామాజిక ఒడంబడికలోనే ఉంది. ఎవరు ఫిర్యాదు చేసినా దానికి ఒక సంఖ్య ఇచ్చి, ఎవరైనా చదువుకునేలా ఉంచుతారు. ఆ సంఖ్య 2021లో పది లక్షలకు చేరింది. పది లక్షల తప్పులా అని బెదరకండి. ఆడిట్ అభ్యంతరాలు ఎక్కువగా నమోదైన ఆఫీసు అధ్వాన్నమైనదని, ఆడిటే జరగని ఆఫీసు మంచిదని మనలో ఎవరైనా అంటామా? 69 వేల ప్యాకేజీలు లోకంలో ఉన్న రకరకాల యంత్రాలమీద, ప్రింటర్లమీద నడవాలి. అవన్నీ ఏ ఒక్కరి ఇంట్లోనూ ఉండవు. కొన్ని తప్పులు వాడేవారి దగ్గరే బయటపడతాయి.

ఇంకొక సంగతి చెప్పాలి. 2000 ఆగస్టులో వచ్చిన 2.2 విడుదలను జోయల్ క్లెకర్ అనే యువకుడి స్మృతికి అంకితమిచ్చారు. కండరాలు క్షీణించే వ్యాధితో మంచం పట్టి, ఆ ఏడు జులై 11న 21 ఏళ్ళకే కన్నుమూశాడు. డెబియన్‌లో చేసిన పనిలో చాలాభాగం ఆ స్థితిలోనే చేశాడు. తోటివారిలో చాలామందికి ఆ సంగతి అతను పోయేదాకా తెలియదు. మన ప్రింటరు కదలనప్పుడు ఎవరినో తిట్టబోయేముందు, అవతల ఉన్నది ఎటువంటి మనిషో మనకు తెలియదని గుర్తుంచుకుంటే మంచిది.

మన భాషకూ ఇందులో చోటుంది. డెబియన్ వేసుకునేటప్పుడు తెలుగు భాషను ఎంచుకోవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి అందరికీ ఇచ్చిన పోతన 2000, వేమన 2000 అక్షరాలు అందులో ప్యాకేజీగా లభిస్తాయి. కృతజ్ఞత చెప్పవలసిన వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఇక మనం చేయవలసినవి. ప్రతిపాదనను ఆమోదించండి, కానీ కళ్ళు మూసుకుని వద్దు. ముందుగా సభ్యుల వివరాలన్నీ వేరే డిస్కులోకి రెండు ప్రతులు తీసి, ఒకటి కార్యదర్శి గారి దగ్గర, ఒకటి కోశాధికారి గారి దగ్గర ఉంచాలి. కొత్త విడుదల వచ్చిన రోజే వేయించకుండా, ఒకటి రెండు సవరణలు వచ్చేదాకా ఆగాలి. భద్రతా సవరణలను మాత్రం వాయిదా వేయకూడదు.

తప్పు కనిపిస్తే మంచి అర్జీ రాయాలి. "ఏదీ పనిచేయడం లేదు, వెంటనే చర్య తీసుకోండి" అని వచ్చిన అర్జీతో మనం ఎంత అవస్థపడేవాళ్ళమో జ్ఞాపకం చేసుకోండి. ఏ విడుదల, ఏ యంత్రం, ఏమి చేశాం, ఏమి జరగాలి, ఏమి జరిగింది, ఈ అయిదూ ఉంటే అవతలివాడి పని సగం తేలిక. నలభై ఏళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన మనకంటే అది బాగా రాయగలవారెవరు? ఇంగ్లీషులో పంపడానికి మన పిల్లలు సాయం చేస్తారు. తెలుగు అనువాదంలో మాట కృతకంగా ఉంటే, సరైన మాట సూచించే పని మనదే.

చివరిగా, డెబియన్‌కు విరాళాలు పంపే వీలుంది. కొనక్కరలేదు కనుక మిగిలే డబ్బులో కొంత ఏడాదికొకసారి పంపాలని, దానితోపాటు సంఘం తరఫున ఒక ధన్యవాద పత్రం కూడా పంపాలని తీర్మానం ప్రవేశపెడుతున్నాను. సర్వీసులో ఉన్నంతకాలం తప్పు జరిగితే మెమో వచ్చేది గాని, సరిగా చేసిన రోజున మంచిమాట రాసిన అధికారులు అరుదు. ఆ లోటు ఎలా ఉంటుందో తెలిసిన మనం, జీతం లేకుండా పనిచేసేవారికి ఆ మాట రాయడం ఉచితం.