ఖాళీ బార్ దగ్గర నిలబడిన నీకు

ఈ ఉదయము మనమొక చిన్న సంగతిని ఆలోచన చేద్దాం. చిన్నదే గాని, దాని వలన అనేకులు మొదలుపెట్టిన పనిని మధ్యలోనే విడిచిపెడుతున్నారు. అదే, "నా వల్ల కాదేమో" అనే సందేహము.

బరువులెత్తడం నేర్చుకోవాలని కొత్తగా జిమ్‌లో చేరిన తమ్ముడా, చెల్లీ, ఈ మాటలు ముఖ్యంగా నీ కొరకే. మొదటి రోజు ఎంతో ఉత్సాహంగా వెళ్ళావు. తీరా చూస్తే ప్లేట్లు ఏమీ వేయని ఉత్త బారే 20 కిలోలు! స్త్రీల పోటీలలో వాడే బారైతే 15 కిలోలు. దానికే నీ చేతులు వణికాయి. పక్కనున్న అతను అవలీలగా 100 కిలోలు ఎత్తుతున్నాడు. అద్దంలో నిన్ను నీవు చూసుకొని సిగ్గుపడ్డావు. మరునాడు మెట్లు దిగడం కూడా కష్టమైంది. "ఇది నాలాంటివారికి కాదు" అనుకొని, ఈ వారం ఇంట్లోనే కూర్చున్నావు. అవునా?

అయితే మన జిల్లాలలోని ఒక సోదరి సంగతి విను. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి పేరు నీకు తెలుసు. స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చినది 2000లో, సిడ్నీలో. ఆ పోటీలో, 69 కిలోల విభాగంలో, ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే. ఇది అందరికీ జ్ఞాపకమున్నది. మరచిపోయినది మరొకటున్నది. ఆ రోజే, ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలు ఎత్తబోయి విఫలమయ్యారు. ఆమె జీవితంలోని గొప్ప దినమున కూడా ఒక బరువు లేవలేదు!

ఈ ఆట నియమాలను గమనించు. ప్రతివారికి స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు, మొత్తం ఆరు ప్రయత్నాలు. ఎందుకు? కొన్ని లేవవని నియమాలు వ్రాసినవారికే తెలుసు. మరి లేవని ఒక్క బరువును బట్టి నిన్ను నీవు ఎందుకు తీర్పు తీర్చుకుంటున్నావు?

మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్ళారు. క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. లోకమంతా చూస్తుండగా, ఆమె పేరు ఎదుట మొత్తం బరువు అనేదే లేకుండా పోయింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె తిరిగి వెళ్ళి బార్ పట్టుకున్నారు. 2017లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 202 కిలోలెత్తి రజత పతకం తెచ్చారు.

"వారు గొప్పవారు, నా సంగతేమిటి?" అంటావేమో. నీ కొరకు మూడు మాటలు చెబుతాను.

మొదటిది, అద్దాన్ని కాదు, నోటుపుస్తకాన్ని చూడు. మొదటి కొన్ని వారాలలో బలం పెరిగేది కండ పెరగడం వలన అంతగా కాదు. ఉన్న కండరాలను బాగుగా వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వలన. గనుక అద్దంలో మార్పు కనబడకముందే నీలో మార్పు మొదలవుతుంది. తేదీ, బరువు, ఎన్నిసార్లు ఎత్తావో వ్రాసుకో. నెల తరువాత మొదటి పేజీ తిప్పి చూడు.

రెండవది, కొంచెము కొంచెముగా పెంచు. ఇటు 1.25 కిలోలు, అటు 1.25 కిలోలు, అంతే చాలు. సరియైన పద్ధతి రాకముందే బరువు పెంచి నడుము నొప్పించుకోవద్దు. తెలిసిన కోచ్ ఎదుట చెయ్యి. కొంతకాలానికి పెరుగుదల మందగిస్తుంది. అది అందరికీ జరిగేదే గాని నీ ఒక్కడి లోపం కాదు.

మూడవది, విశ్రాంతిని సోమరితనమనుకోవద్దు. కొత్త వ్యాయామము వలన కలిగే కండరాల నొప్పి ఒకటి రెండు రోజులు పెరిగి, తరువాత తగ్గిపోతుంది. కీళ్ళలో పోటు పుడితే మాత్రం ఆగి, వైద్యునికి చూపించు. ఒకే కండరాలకు వరుసగా రెండు రోజులు పని పెట్టకు. పప్పు, గుడ్డు, పాలు, చేప, నీ ఇంట్లో ఏది ఉంటే అది తిను. కంటినిండా నిద్రపో.

ప్రియ సోదరీ, సోదరుడా, ధైర్యము వచ్చాక వెళ్దామని ఎదురుచూస్తున్నావా? అది ఇంట్లో కూర్చుంటే రాదు. నిన్న లేవనిది నేడు లేచినప్పుడు వస్తుంది. పక్కవాని 100 కిలోలు అతని ఎన్నో సంవత్సరాల కష్టం. నీ ఉత్త బార్ నీ మొదటి నెల. ఆ రెండింటినీ పోల్చవద్దు. రేపు ఉదయం బూట్లు తొడుగుకొని వెళ్ళు. ఆ ఖాళీ బారునే పట్టుకో. సరిగా ఐదుసార్లు ఎత్తి, పుస్తకంలో వ్రాసుకొని ఇంటికి రా. రేపటికి అంతే చాలు.

మరల వచ్చే వారం కలుసుకుందాం. అంతవరకు సెలవు.