బస్సు 4:45కి: శుక్రవారం మెస్ హాల్లో మాట్లాడిన మాటలు

పోయిన శుక్రవారం మెస్ హాల్లో నేను మాట్లాడినప్పుడు చాలామంది ఓటీ మీద ఉన్నరు. అందుకే గ్రూపు వాళ్లు రాసి పెట్టమన్నరు. నేను చదివింది పదో తరగతి, రాత పెద్దగ రాదు. మాట్లాడినట్టే రాస్తున్న.

ముందు ఒక మాట. సూపర్‌వైజర్ కదా, టైముకు రమ్మని కంపెనీ తరఫున చెప్తున్నడు అనుకుంటరు. కొంత నిజమే, నా జీతం కూడ అక్కడి నుంచే వస్తది. కానీ ఈ సంగతి నేను సూపర్‌వైజర్ అయినంక తెలుసుకున్నది కాదు. స్టీల్ ఫిక్సర్‌గ ఉన్నప్పుడు ఒక మనిషి భుజం పోతే తెలిసింది.

2008ల జుబైల్‌ల ఉన్న. రాత్రి ఒంటిగంట దాక రూంల సినిమా చూసి పడుకున్న. తెల్లారి లేచేసరికి బస్సు పోయింది. టాక్సీ పట్టుకొని సైటుకు 40 నిమిషాలు లేటుగ పోయిన. టైమ్ కీపర్ తిట్టిండు, రాసుకున్నడు, అయిపోయింది అనుకున్న. కానీ అప్పటికే టూల్‌బాక్స్ మీటింగ్ కూడ అయిపోయింది. ఆ మీటింగుల ఫోర్‌మెన్ ఏం చెప్పిండంటే, మూడో అంతస్తు స్లాబుల పైపుల కోసం వదిలిన ఓపెనింగ్ మీద మూత రాత్రి షిఫ్టోళ్లు తీసిండ్రు, ఇప్పుడు ఉత్త ప్లైవుడ్ ముక్క కప్పి ఉన్నది, అటు పోవద్దు అని. అందరు విన్నరు, నేను తప్ప.

లేటైంది కదా అని ఉరుక్కుంట రాడ్ల కట్ట భుజాన వేసుకొని పైకి పోయిన. ఆ ప్లైవుడ్ మీదనే కాలు పెట్టిన. అది జారింది. నడుము దాక లోపలికి పోయిన. పక్కన ఒక పెద్దాయన ఉండె, జగిత్యాల దిక్కు మనిషి, మామా అని పిలిచేటోణ్ణి. ఆయన నా బెల్టు పట్టుకొని గుంజిండు. నాకు తొడ గీరుకుపోయింది, అంతే. ఆయనకు భుజం జారింది. దవాఖానల సరిచేసిండ్రు గని, తర్వాత రాడ్లు లేపలేకపోయిండు. మూడు నెలలకు ఇంటికి పంపిచ్చిండ్రు. ఇంకా వీసా అప్పు తీరలేదు ఆయనకు.

ప్లైవుడ్‌కు మేకులు కొట్టనోడిది పెద్ద తప్పు. అది నేను ఎక్కడైనా చెప్తా. కానీ మిగతా 30 మంది ఆ మేకులు లేని ప్లైవుడ్ పక్క నుంచే నడిచిండ్రు, ఎవ్వరు పడలేదు. వాళ్లకు తెలుసు, నాకు తెల్వదు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపిస్తది ఇప్పటికీ.

మన తెలుగోళ్లకు టైమ్ తెల్వదు అని ఇక్కడ కొందరు ఇంజనీర్లు నవ్వుతరు. నేను ఒప్పుకోను. మా నాయన త్రీ ఫేజ్ కరెంటు రాత్రి 2 గంటలకు వస్తదంటే 2 గంటలకే బాయి కాడ ఉండేటోడు. పది నిమిషాలు ఆలస్యమైతే చివరి మడి ఎండుతది. మా అమ్మ బీడీలు చేసేది. కార్ఖానల అప్పజెప్పే టైమ్ దాటితే ఆ రోజు తీసుకోరు. టైమ్ మనకు పుట్టుకతోనే తెలుసు. ఇక్కడికి వచ్చినంక పాడైతున్నం, అంతే. ఎందుకు పాడైతున్నం?

ఒక రూంల ఎనిమిది మంది, పది రూములకు నాలుగు బాత్రూములు. ఆ ఇబ్బంది ఉన్నది, దాని మీద క్యాంపు బాస్‌తో మాట్లాడుతున్నం. కానీ అసలు కారణం ఫోను. ఇంటోళ్లతో మాట్లాడినం అంటరు. లెక్క చూడుండ్రి. ఇక్కడికి ఇండియా రెండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ పదకొండున్నర. ఇంటోళ్లు పడుకున్నరు. 9 నుంచి 12 దాక మనం చూసేది రీల్స్, ఇంకేం లేదు. పొద్దున లేట్ అయ్యేది పొద్దున కాదు, ఆ రాత్రే అయితది.

నేను ఏం చేసిన అంటే, ఇక్కడ పొద్దుగాల 4 అయితే ఇంటికాడ ఆరున్నర. నా బిడ్డ అప్పుడు బడికి లేస్తది. బిడ్డా, లేవంగనే నాకు ఫోన్ చెయ్యి అని చెప్పిన. అలారం అయితే కట్ చేసి పడుకుంటం. బిడ్డ ఫోన్ కట్ చేసి ఎట్ల పడుకుంటం? రెండు నెలలు చేసింది. తర్వాత ఫోన్ రాకముందే మెలకువ అవుడు మొదలైంది. బట్టలు, బూట్లు, హెల్మెట్, నీళ్ల బాటిల్ రాత్రే తలుపు కాడ పెట్టుకుంట. ఇప్పుడు 20 నిమిషాలల్ల బస్సు కాడ ఉంట.

ఇప్పుడే ఎందుకు చెప్తున్న అంటే, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగ ఎండల పని చేయించొద్దని సర్కారు రూలు. మన ప్రాణం కోసం పెట్టిన రూలు అది. అందుకే డ్యూటీ పొద్దుగాల 5:15కే మొదలు. పొద్దుగాల పోగొట్టిన గంటకు బదులు 11 గంటలకు ఎండల ఉరకాలె. ఆ రెండు గంటలు ఒకటి కాదు, ఒళ్లుకు తెలుసు.

కాంక్రీటు ఉన్న రోజైతే ఇంకా కష్టం. మిక్సర్ లారీల నీళ్లు కలిసినంక మామూలుగ గంటన్నర లోపల పోసెయ్యాలని లెక్క. ఈ వేడికి అంతకు ముందే బిగుసుకుంటది. నలుగురు ఫిక్సర్లు లేట్ అయితే రాడ్లు కట్టుడు ఆలస్యం, చెకింగ్ ఆలస్యం, లారీలు లైన్ల నిలబడతయి. పాత పోత గట్టిపడినంక కొత్తది పోస్తే మధ్యల అతుకు పడతది. అప్పుడు తిట్లు తినేది లేట్ వచ్చినోడు ఒక్కడే కాదు, వైబ్రేటర్ పట్టుకున్నోడు కూడ.

ఇంకో దిక్కు కూడ చెప్పాలె, లేకపోతే నేను కంపెనీ మనిషినే అంటరు. లేట్ వచ్చినవని ఇష్టం వచ్చినంత జీతం కోసుడు చట్టం కాదు. సౌదీ లేబర్ చట్టంల ఒక తప్పుకు 5 రోజుల జీతం కన్న ఎక్కువ జరిమానా వెయ్యొద్దు. ఒక నెలల అన్ని జరిమానాలు కలిపినా 5 రోజుల జీతం దాటొద్దు. కాగితం మీద చెప్పాలె. కోసినారంటే ఎందుకు కోసినారో కాగితం అడుగుండ్రి.

మన టైమ్ మనం కూడ రాసుకోవాలె. చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆపైన ఓటీ గంటకు, గంట జీతంతోపాటు బేసిక్‌ల సగం కలిపి ఇయ్యాలె. జీతం ఉత్త బేసిక్కే 1000 రియాళ్లు అనుకుందాం. గంటకు 4 రియాళ్ల 17 హలలాలు, ఓటీ గంట 6 రియాళ్ల 25. రోజూ అరగంట ఎక్కువ చేసి అది రాయించుకోకపోతే, 26 రోజులకు 13 గంటలు, 81 రియాళ్లు పోయినట్టు. మా రూంల ఒక తమ్ముడు చిన్న నోటు బుక్కుల తారీఖు, లోపలికి పోయిన టైమ్, బయటికి వచ్చిన టైమ్ రోజూ రాసేటోడు. మేమంతా నవ్వినం. టైమ్ షీట్ల 19 గంటలు తగ్గినప్పుడు ఆ బుక్కు పట్టుకొని ఆఫీసుకు పోయిండు. వాళ్లు లెక్క సరిచేసిండ్రు. రోజూ లేట్ వచ్చేటోడు ఆ బుక్కు చూపిస్తే ఎవరు నమ్ముతరు? తమ్ముణ్ణి నమ్మిండ్రు.

మామతోని ఇప్పటికీ ఫోన్ల మాట్లాడుత. ఊర్ల చిన్న కిరాణం పెట్టుకున్నడు. ఎడమ చేత్తోనే తూకం వేస్తడు.

రేపటి నుంచి బస్సు 4:45కి. బాత్రూములకు రూం నంబర్ల వరుస రాసి తలుపు మీద అతికిచ్చిన, దాని ప్రకారం పోండ్రి. లేపేటోళ్లు లేనోళ్లు ఎవరన్న ఉంటే గ్రూపుల పేరు పెట్టుండ్రి. పొద్దుగాల 4 గంటలకు నేను మిస్డ్ కాల్ ఇస్త. ఎత్తొద్దు, కట్ చెయ్యండ్రి. కట్ చేస్తే లేచినట్టు లెక్క. కట్ చెయ్యకపోతే వచ్చి తలుపు కొడత.